మా మావ కట్టిన చదువుల పురి

ఆ రోజుల్లో మా ఊళ్ళో ప్రతి పనికీ ఒక చోటుండేది. ధాన్యం దంచుకోవడానికి పెరటి వసారా, దూడని కట్టడానికి చూరు కింద గుంజ, చుట్ట కాల్చుకోవడానికి వీధరుగు, ఇంట్లో ఎవరైనా అలిగితే పోయి కూర్చోవడానికి వంటింటి వెనక రుబ్బురోలు పక్కన కాస్త నీడ (ఆ నీడని మా మామ్మ నెలకి రెండుసార్లయినా వాడుకునేది). ఒక్క చదువుకోవడానికి మాత్రం ఎక్కడా చోటుండేది కాదు. అలాంటి పని కూడా ఒకటి ఇంట్లో జరుగుతుందని ఆ ఇల్లు కట్టినవాళ్ళు ఊహించలేదు మరి. శ్రీకాకుళానికి ఆరేడు మైళ్ళ దూరంలో, ఎచ్చెర్ల వైపు పొలాల మధ్య ఉండేది మా ఊరు. అరవైల చివర్లో ఆ ఇంట్లో మొట్టమొదటిసారి పెద్ద చదువు పుస్తకం పట్టుకున్నవాణ్ణి నేనే. పట్టుకోవడం వరకూ బాగానే పట్టుకున్నాను. చదవడం దగ్గరే ఇబ్బంది వచ్చింది.

ఎస్సెల్సీ మొదటిసారి రాసినప్పుడు మిగతావన్నీ ఎలాగో గట్టెక్కి లెక్కల్లో తప్పాను. తప్పడమంటే ఒకటీ రెండు మార్కుల్లో తప్పడం కాదు, మేష్టారు నన్ను ఓదార్చడానికి కూడా మాటలు వెతుక్కోవలసినంతగా తప్పాను. మా అయ్య కోప్పడలేదు. ఎడ్లకి కుడితి కలుపుతూ, తల ఎత్తకుండానే తీర్పు చెప్పేశాడు. "ఇంకొక్కపాలి రాయి. ఈపాలీ తప్పినావంటే పుస్తకాలు మూటగట్టి అటక మీద ఎట్టీడమే. ఏరువాకకి నాగలట్టుకుందువు గాని." ఆయన ఒకసారి అన్నాడంటే ఇక దాని మీద మాట ఉండేది కాదు. నిజం చెబుతున్నాను, నాకు చదువుకోవాలని ఉండేది. శ్రీకాకుళంలో కాలేజీ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా, పుస్తకాలు చంకలో పెట్టుకుని తాపీగా నడిచిపోయే కుర్రాళ్ళని చూస్తూ అక్కడే నిలబడిపోయేవాణ్ణి. పైగా నాగలి పట్టినా నేను పనికొచ్చేవాణ్ణి కాదు. మా ఎడ్లు నన్ను బొత్తిగా లెక్కచేసేవి కావు. చాలు చివరికి వెళ్ళి, వాటంతట అవే ఆగి, వెనక్కి తిరిగి నా వంక జాలిగా చూసేవి.

అందుకని రెండోసారి గట్టిగా చదవాలనుకున్నాను. ముందు వసారాలో కూర్చున్నాను. అక్కడ మా మామ్మ ఉండేది. ఆవిడ లెక్కలో చదువంటే పైకి వినిపించేది. "నోరు కదపకండా కూకుంటే సదువుతన్నావో తొంగున్నావో నాకెలగ తెలస్తాది?" అనేది. సరే అని పైకి చదివితే, సమీకరణాల మధ్యలో ఆపి, "ఆ ఎక్సు ఎవుడ్రా, ఇందాకట్నుంచి ఆణ్ణే అంటన్నావు?" అని అడిగేది. అక్కణ్ణుంచి పశువుల సాలకి మారాను. నేను నీళ్ళు తాగి వచ్చేలోగా లేగదూడ నా నోట్సులో రెండు పేజీలు తినేసి మూడోది నములుతోంది (దానికి ఆ లెక్కలు బాగానే వంటబట్టాయి, ఆ ఏడాది పుష్టిగా పెరిగింది). ఆఖరికి ఊరి చివర జీడితోటలోకి పోయాను. అక్కడ పై నుంచి ఎర్రచీమలు, కింద నుంచి స్నేహితులు. రెండు రకాల వాళ్ళూ నన్ను పది నిమిషాలు కుదురుగా కూర్చోనిచ్చేవారు కాదు.

ఇలా నేను పుస్తకాల సంచీతో ఊరంతా తిరుగుతుంటే చూసి బాధపడింది ఒకే ఒక్కడు. మా అమ్మ తమ్ముడు. ఊరంతా ఆయన్ని 'పురుల మావ' అనేవారు. పురి అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నూర్పులయ్యాక ధాన్యం దాచుకోవడానికి మా వైపు పురులు కట్టేవారు. ఎండుగడ్డిని పేని, మనిషి భుజమంత లావు తాడు చేస్తారు. దాన్ని వాకిట్లో గుండ్రంగా చుట్ట మీద చుట్టగా పేర్చుకుంటూ, లోపల ధాన్యం పోసుకుంటూ పోతారు. ఒక మనిషి లోపల నిలబడి ధాన్యాన్ని కాళ్ళతో సర్దుతుంటాడు. చుట్టూ గోడ లేస్తుంది, ధాన్యం లేస్తుంది, దానితోపాటు ఆ మనిషీ లేస్తాడు. అంతా అయ్యాక అతను దూకేస్తే, పైన గడ్డితో గొడుగులాంటి కప్పు వేసేస్తారు. ఎంత వానకీ చుక్క దిగదు. ఒక రైతు ఎలాంటివాడో తెలుసుకోవాలంటే మా వైపు ఎవరినీ అడిగేవారు కాదు, వాకిట్లో పురులెన్నో చూసుకుని పోయేవారు. మాకు రెండుండేవి.

చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళలో మా మావలా పురి కట్టేవాడు లేడు. ఆయన కట్టిన పురి కుండలా నున్నగా, ఎక్కడా వంకర లేకుండా ఉండేది. కట్టడం అయ్యాక దాని చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో ఓ దెబ్బ కొట్టి, ఆ చప్పుడు విని, అప్పుడు గాని అన్నానికి లేచేవాడు కాదు. ఆయనకి అక్షరం ముక్క రాదు. కాని నా పుస్తకం ముట్టుకోవలసి వస్తే ముందు చేతులు కడుక్కునేవాడు. ఆ మావ ఓ రోజు మా అయ్య దగ్గరికొచ్చి, "బావా, తప్పు గుంటడిది కాదు. సోటుది. దాన్యానికి ఓ సోటు కట్టుకున్నాం, గొడ్డుకి కట్టుకున్నాం. సదువుకి కట్టనేదు. మరెక్కడ నిలుస్తాది?" అన్నాడు. అయ్య కాసేపు ఆలోచించి, "అయితే ఏటి సేద్దామంటావు?" అన్నాడు. "నాను కడతాను. నాకొచ్చిందే కడతాను," అన్నాడు మావ. ఆయనకి వచ్చింది ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే గడ్డితాడు చుట్టలు తెచ్చి వాకిట్లో పడేసి, నన్ను పిలిచి మధ్యలో నిలబడమన్నాడు. "ఎందుకు మావా?" అంటే, "పురి కడతన్నప్పుడు లోపల మనిషుండాల," అన్నాడు. "ధాన్యం లేదు కదా, ఏం తొక్కను?" అన్నాను. "ఏటీ తొక్కక్కర్లేదు, ఉండు," అన్నాడు. ఉన్నాను. చుట్టలు నా మోకాళ్ళ దాకా వచ్చాయి, నడుం దాకా వచ్చాయి, గుండెల దాకా వచ్చేసరికి పురి ఓ పక్కకి మెల్లిగా ఒరిగి, ముసలాయన కూలబడినట్టు నా మీద కూలబడింది. ధాన్యం లేకపోతే పురి నిలబడదన్న సంగతి మావకి అప్పటిదాకా తెలీదు (తెలుసుకునే అవసరం ఎన్నడూ రాలేదు, ఖాళీ పురి కట్టమని ఆయన్ని ఎవరడుగుతారు). నన్ను గడ్డిలోంచి బయటికి లాగి, చుట్ట ముట్టించుకుని, ఆ కూలిన దాని ఎదురుగా చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. వీధిలో వాళ్ళు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. చివరికి చుట్ట ఆర్పి, "దాన్యం లోపల్నుంచి బైటికి నెడతాది. అందుకనే గోడ నిలబడతాది. ఆ నెట్టేదేటో మనం ఎట్టాల," అన్నాడు. వెదురు చీల్చి, బద్దలు గుండ్రంగా పాతి, బయటికి వంగేలా అడ్డకట్లు కట్టి, వాటి చుట్టూ మళ్ళీ తాడు తిప్పాడు. ఈసారి రాయిలా నిలబడింది. ఆ రోజు నాకు నవ్వొచ్చిందేమో గుర్తు లేదు గాని, ఇప్పుడు తలుచుకుంటే ఆ మనిషి బుర్రకి దండం పెట్టాలనిపిస్తుంది.

అసలు సంగతి అది కాదు. రెండోసారి మొదలెట్టే ముందు నేల మీద మేకు పాతి, దానికి తాడు కట్టి, గుండ్రంగా గీత గీశాడు. "మూడున్నర మూరల అడ్డం సాలు నీకు. అంటే సుట్టుకి పదకొండు మూరల తాడు," అన్నాడు, ఏమీ కొలవకుండానే. "ఎలా తెలుసు?" అన్నాను. "మూడున్నరకి పదకొండు. ఏడుకి ఇరవైరెండు. పద్నాలుక్కి నలబైనాలుగు, అంత పురి ఎవుడూ కట్టడనుకో," అన్నాడు. నేను ఉన్నపళంగా కింద కూర్చుండిపోయాను. ఇరవైరెండు బై ఏడు. మా లెక్కల మేష్టారు రెండేళ్ళ పాటు బల్ల మీద బెత్తంతో కొట్టి మరీ చెప్పినా నా తలకెక్కనిది అదే. వృత్తం లెక్క వచ్చిందంటే పేపరు తిప్పేసేవాణ్ణి. అది ఎక్కడో బోర్డు మీద పుట్టిన సంఖ్య అనుకున్నాను గాని, మా ఇంటి గడ్డితాడులో ఉందని నాకేం తెలుసు. "నీకెవరు చెప్పారు మావా?" అన్నాను. "మా అయ్య." "ఆయనకి?" "ఆళ్ళయ్య. ఎందుకురా? తప్పేటి?" అన్నాడు మావ కంగారుగా. పలక తెచ్చి మూడున్నరని ఇరవైరెండుతో హెచ్చవేసి ఏడుతో భాగిస్తే, సరిగ్గా పదకొండే వచ్చింది.

సాయంత్రానికి నిలువెత్తు గోడ లేచింది. కప్పు వేసేటప్పుడు గోడకీ కప్పుకీ మధ్య చుట్టూ బెత్తెడు సందు వదిలాడు, వెలుతురూ గాలీ రావడానికి. (దీపం మాట ఎత్తనిచ్చేవాడు కాదు. గడ్డింట్లో దీపమేమిటి? ఎండున్నంతసేపే చదువు.) పని పూర్తయ్యాక ఎప్పట్లాగే చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో కొట్టి, చప్పుడు విని, తృప్తిగా అన్నానికి బయలుదేరాడు. ఈసారి కూడా లోపల నిలబెట్టిన నేను అక్కడే ఉన్నాను. "మావా, ఎలా బయటికి రావాలి?" అని అరిచాను. బయట అడుగులు ఆగాయి. ఆయన తలుపు పెట్టడం మరిచిపోయాడు. మరిచిపోవడం కూడా కాదు, పురికి తలుపుంటుందన్న ఆలోచనే ఆయనకి పుట్టలేదు. తర్వాత గొంతు సవరించుకుని, "పురికి తలుపేటిరా?" అన్నాడు నెమ్మదిగా. కప్పు ఓ పక్కకి ఎత్తి, నిచ్చెన దించి నన్ను పైకి రప్పించాడు. మర్నాటికి ఆ పొరపాటే పెద్ద సౌకర్యమైపోయింది. పొద్దున్నే నిచ్చెన వేసి నన్ను దింపి, నిచ్చెన బయటికి లాగేసి, కప్పు సర్దేసేవాడు. గోడెక్కుదామంటే మళ్ళీ ఎక్కడ నా మీద కూలుతుందోనని భయం. "మావా, బయటికి రావాలి," అంటే, "పాటం అయిపోనాదా?" అని అడిగేవాడు. అయిపోయిందంటే, "ఏదీ సెప్పు," అనేవాడు. తాడు పేనుకుంటూ ఆ గోడ పక్కనే కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా మొత్తం వినేవాడు. తడబడ్డానంటే, అర్థం కాకపోయినా తడబాటు ఆయనకి తెలిసిపోయేది. "మళ్ళీ సెప్పు," అనేవాడు.

మళ్ళీ అలాంటి చదువుగది నాకు దొరకలేదని ఇప్పటికీ అంటాను. లోపల నేల చల్లగా ఉండేది. కొత్తగడ్డి వాసన. పీట, పలక, నాలుగు పుస్తకాలు, ముంతతో నీళ్ళు, అంతే. పైన సందులోంచి వెలుతురు చుట్టూ సమానంగా పడేది, అక్షరం మీద నీడ ఉండేది కాదు. బయట ఊరంతా ఉన్నా ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినిపించేది. ఉన్న చిక్కల్లా ఒకటే. ఆ గోడలు మా ఎడ్లకి మేత. నీళ్ళకి వెళ్తూ వస్తూ తలో నోరు పీక్కునిపోయేవి. వారం తిరక్కుండా వాటి మూతి ఎత్తున గోడకి చిన్న కన్నం పడింది. మావ పూడ్చబోతే నేను వద్దన్నాను. అందులోంచి నాకు వాకిలి కనిపించేది. వాకిలంటే పూర్తిగా కాదు, మనుషుల మోకాళ్ళ నుంచి నడుం దాకా. కొన్నాళ్ళకి పంచెకట్టుని బట్టి మనిషెవరో చెప్పగలిగేవాణ్ణి.

పరీక్షలు ఇంకో మూడు వారాలున్నాయనగా ఓ పొద్దున, ఆ కన్నంలోంచి నాకు తెలియని పంచెలు రెండు కనిపించాయి. ఒకదాని పక్కన చేతికర్ర. మా అన్నియ్యకి భోగాపురం వైపు నుంచి సంబంధం మాటొచ్చింది. పిల్ల తరఫువాళ్ళు మా ఇల్లు చూసుకోవడానికి వస్తామన్నారు గాని, రెండు రోజుల తర్వాతన్నారు. ఆ వచ్చినవాళ్ళు పిల్ల తాతా, మేనమామానూ. మావ అప్పటికే నన్ను లోపలికి దింపేసి, నిచ్చెన భుజానేసుకుని పక్క వీధిలో ఎవరిదో కప్పు నేయడానికి వెళ్ళిపోయాడు. నేను లెక్కల సిద్ధాంతం పైకి చదువుతున్నవాణ్ణి చప్పున ఆపేశాను. మా అయ్య గబగబా వచ్చి మంచాలు వాల్పించాడు. ముసలాయన కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి, చేతికర్రతో చూపిస్తూ, "ఒకటి, రెండు, మూడు. పర్వానేదు, పంట బాగున్నాది," అన్నాడు.

మా అయ్య అబద్ధమాడే మనిషి కాదు. కాని ఆ క్షణాన ఏమీ అనలేదు. కన్నంలోంచి ఆయన ముఖం కనిపించదు గాని, పంచె చెంగుని ఊరికే సర్దుకోవడం కనిపించింది. నేను ఊపిరి బిగబట్టుకున్నాను. అన్నియ్య పెళ్ళి నా ముక్కు మీద ఆధారపడి ఉందని తెలిశాక, అప్పటిదాకా లేని తుమ్ము వస్తున్నట్టనిపించింది. ముసలాయన ఊరుకోకుండా పురుల దగ్గరికొచ్చాడు. మొదటిదాన్ని అరచేత్తో కొట్టాడు, నిండుగా పలికింది. రెండోదీ అంతే. మూడోది కొట్టాడు. అది నా వీపు వెనక డప్పులా మోగింది.

"ఇదేటి, డొల్లగున్నాది? సగం కూడా నిండనేదు," అన్నాడు ముసలాయన. తర్వాత దాని చుట్టూ తిరిగి, ఎడ్లు పీకిన చోట వేలు పెట్టి, "పనితనం కూడా నేదు. ఎవుడు కట్టినాడు?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా మావ నిచ్చెనతో వాకిట్లోకి వచ్చాడు. మా అయ్య కళ్ళతో ఏదో సైగ చేసే ఉంటాడు. కాని ఎనిమిది ఊళ్ళ పురులు కట్టిన మనిషితో పనితనం లేదన్న మాట అన్నాక సైగలు పనిచేస్తాయా. "నానే కట్టినాను బాబూ," అన్నాడు మావ, నిచ్చెన కింద పెట్టి. "డొల్లగున్నాదంటే ఉండదా మరి. అందులో దాన్యం నేదు."

"దాన్యం నేకపోతే మరేటున్నాది?"

"మా మేనల్లుడున్నాడు."

ముసలాయన కన్నంలో పెట్టిన వేలు చప్పున తీసేసి, "ఏటి సేస్తన్నాడు?" అన్నాడు. "లెక్కలు," అన్నాడు మావ. "కిందటేడు తప్పినాడు. ఇంట్లో సదువుకి సోటు నేదు. అందుకని కట్టినాను. లోపల్నుంచి నెట్టడానికి దాన్యం నేదు కదా, ఎదురుబద్దలతో నిలబెట్టినాను. ఏదీ, అలగ ఇంకెవుడైనా నిలబెట్టమను సూద్దాం." పెళ్ళి సంబంధం సంగతి ఆయనకి పూర్తిగా మరుపొచ్చేసింది.

చేతికర్ర కన్నం దగ్గరికొచ్చి ఆగింది. "లోనున్న బాబూ," అని పిలిచాడు ముసలాయన. "ఆఁ," అన్నాను. నా గొంతు నాకే పిల్లి గొంతులా వినిపించింది. "పది మూరల అడ్డం పురికి ఒక సుట్టుకి ఎంత తాడు కావాల?" అని అడిగాడు. ఆయనా పురులు కట్టించిన రైతే మరి. మూడు నెలల కింద అడిగి ఉంటే నేను ఆ పురిలోనే శాశ్వతంగా ఉండిపోయేవాణ్ణి. పలక తీసి, పదిని ఇరవైరెండుతో హెచ్చవేసి, ఏడుతో భాగించి చెప్పాను. "ముప్పై ఒక్క మూర తాతా. పైన జానెడుకి కాస్త తక్కువ." ఆయన ఓ నిమిషం వేళ్ళ మీద ఏదో చూసుకున్నాడు. "ఔను," అన్నాడు. "మేం జానెడు పూర్తిగా ఏస్తాం. అదెప్పుడూ కొద్దిగా మిగిలిపోతాది. ఎందుకో ఇన్నాళ్ళూ తెలీనేదు."

తర్వాత జరిగింది నేను ఎన్నిసార్లు చెప్పినా మా పిల్లలు నమ్మరు. డెబ్బయ్యేళ్ళ ఆ మనిషి నిచ్చెన వేయించుకుని, పైకెక్కి, కప్పు తీయించి లోపలికి తొంగి చూశాడు. నేను పలకతో సహా లేచి నిలబడి నమస్కారం పెట్టాను. "గాలి బాగొస్తన్నాది," అని, నన్ను వదిలేసి వెదురుబద్దల కట్టు ఎలా వేశాడో మావని అడగడం మొదలెట్టాడు. మంచాలు అలా ఖాళీగానే ఉన్నాయి. వాళ్ళిద్దరూ పురి చుట్టూ తిరుగుతూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఆఖర్న మా అయ్య తల దించుకుని, "తప్పయిపోనాది బాబూ, ముందే సెప్పాల్సింది," అన్నాడు. ముసలాయన, "నువ్వు మూడని సెప్పనేదు. నానే లెక్కెట్టుకున్నాను. రెండు పురులకే పిల్లనిస్తాం," అన్నాడు. వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఈ గుంటడు పాసయినాక ముహూర్తం ఎట్టుకుందాం. శుభం మీద శుభం," అని ఒక మాట అనేసి వెళ్ళాడు.

ఆయన మంచికే అన్నాడు. కాని ఆ మాటతో నా పని ఏమైందో ఆలోచించండి. అంతదాకా తప్పితే నా ఒక్కడి చేతికి నాగలి వచ్చేది. ఇప్పుడు నేను తప్పితే అన్నియ్య పెళ్ళీ ఆగుతుంది. అప్పటిదాకా నన్ను 'పురిలో పందికొక్కు' అని వెక్కిరించిన అన్నియ్య ఆ సాయంత్రం నుంచి మారిపోయాడు. ముంతలో నీళ్ళు తనే మార్చేవాడు. ఎడ్లని చుట్టు తిప్పి రెండో దారిన తోలుకెళ్ళేవాడు. కప్పు మీద కాకి వాలితే తోలేవాడు. ఎప్పుడైనా నేను కునికితే కన్నంలోంచి గడ్డిపరకతో గుచ్చి, "తమ్ముడా, లెగరా బాబూ," అని బతిమాలేవాడు. అంతకుముందు నన్ను అంత ప్రేమగా పిలిచిన గుర్తు లేదు, ఆ తర్వాతా లేదు.

శ్రీకాకుళంలో పరీక్ష. లెక్కల పేపరులో వృత్తం లెక్క వచ్చింది. గుండ్రటి తోట, అడ్డం ఇరవయ్యొక్క అడుగులు, చుట్టూ కంచెకి ఎంత కావాలి. నాకు నవ్వొచ్చింది. కళ్ళ ముందు మావా, మేకూ, తాడూ. టకటకా వేసి అరవయ్యారు రాసి, కింద రెండు గీతలు కొట్టి, ఇంకా అలాంటివే రెండు వేసి, జీవితంలో మొదటిసారి టైము మిగుల్చుకుని బయటికొచ్చాను. ఊరి బస్సు నాగావళి వంతెన మీదికి వచ్చేసరికి అసలు సంగతి తట్టింది. నేను అరవయ్యారు అడుగులని రాయలేదు. అరవయ్యారు మూరలని రాశాను. ఆ మూడు లెక్కల్లోనూ మూరలే.

ఇంట్లో ఎవరికీ చెప్పే ధైర్యం లేక మావకి ఒక్కడికే చెప్పాను. ఆయన తాడు పేనడం ఆపి, "మూరలని రాస్తే తప్పేటిరా? ఆ పేపరు దిద్దేవోడికి మూర తెల్దేటి?" అన్నాడు. అడుగు వేరు, మూర వేరని వివరించాను. ఆయన సగం పేనిన తాడు పక్కన పెట్టేశాడు. ఆ మూరలు నేర్పింది తనేనని ఆయనకి తోచినట్టుంది. మర్నాటి నుంచి ఫలితాలు వచ్చేదాకా రెండు నెలలు ఆయన నా ముఖంలోకి సరిగ్గా చూడలేదు. పురి విప్పెయ్యమని అమ్మ అంటే, "ఫలితం రానీ," అనేవాడు. ఎడ్లు దాన్ని సగం తినేశాయి. ఆయన ఎక్కడ తిన్నచోట అక్కడ పూడుస్తూనే ఉన్నాడు, లోపల ఎవరూ లేకపోయినా. నాకు ఫలితం మీద ఎంత భయముండేదో, ఆయన అలా పూడుస్తుంటే చూడ్డానికి అంత బాధగా ఉండేది.

ఫలితాలు పేపర్లో నంబర్లుగా పడే రోజులవి. పేపరు మధ్యాహ్నం బస్సులో వచ్చేది. అన్నియ్య సైకిలు మీద రోడ్డు దాకా ఎదురెళ్ళి తెచ్చాడు. వాకిట్లోకి వస్తూనే సైకిలు దిగకుండానే నా నంబరు రెండుసార్లు చదివాడు. థర్డుక్లాసులో పాసైన నంబర్ల వరసల మధ్య ఉన్నాను. మా అయ్య తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మామ్మ పైకి ఇంకోసారి చదవమంది. నా పేపరు దిద్దిన ఆ పుణ్యాత్ముడెవరో నాకు తెలీదు గాని, మూర తెలిసినవాడే అయ్యుండాలి.

మావ అందరూ చూసేదాకా పక్కన నిలబడి ఉన్నాడు. తర్వాత చేతులు కడుక్కొచ్చి, పేపరు నేల మీద పరిచి, "ఇందులో నువ్వెక్కడున్నావో సూపించు," అన్నాడు. ఆయన చూపుడువేలు పట్టుకుని నా నంబరు మీద పెట్టాను. "ఇది నువ్వేనా?" అన్నాడు. "నేనే మావా," అన్నాను. వేలు తీయలేదు. అలా పెట్టుకునే కాసేపు కూర్చున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. చిన్నప్పట్నుంచీ గడ్డితాడు పేని పేని ఆ వేలు బొటనవేలంత లావైపోయింది. దాని కింద నాతోపాటు తక్కువలో తక్కువ ఇంకో ముగ్గురి నంబర్లుంటాయి.

ఆ ముగ్గురెవరో ఇప్పటికీ తెలీదు. నాలాగే జుట్టు నెరిసి, ఫ్యాను కింద తలుపున్న గదిలో కూర్చుని, పుస్తకం తెరిచిన రెండు పేజీలకే కునికిపాట్లు పడుతుంటారేమో. ఆ మధ్యాహ్నం మా మావ వాళ్ళని కూడా నేనే అనుకుని, వేలు తీయకుండా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని ఎవరైనా వాళ్ళకి చెబితే బావుణ్ణు.